రత్నమ్మక్క ఇచ్చిన కత్తెర

మా వంటింట్లో పొయ్యి పక్కన మేకుకు ఒక కత్తెర వేలాడుతుంటుంది. పొద్దున్నే దోసెపిండి ప్యాకెట్టు మూతి మీద అది కిర్రుమన్నప్పుడల్లా నాకు రత్నమ్మక్క గొంతు వినిపిస్తుంది. కల్లూరులో మా పక్కింటావిడ, బస్సు కండక్టరు. కోడుమూరు దారిలో ఆమె బస్సెక్కిన వాళ్లు ఆమె ముఖం మరిచిపోయి ఉండొచ్చు గానీ ఆ గొంతు మరిచిపోయి ఉండరు. ఈ రోజు నాకంటూ ఒక ఉద్యోగం ఉందంటే అది ఆమె చలవే.

పెళ్లయి కల్లూరు వచ్చేనాటికే నేను కర్నూలులో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తున్నాను. ఏడింటికల్లా అక్కడ ఉండాలి. మాతోనే ఉండే అత్తది ఆలూరు. చేతివంట మీద ఆమెకున్న పట్టింపు దేవుడి మీద కూడా లేదు. అల్లం వెల్లుల్లి రోట్లో నూరాల్సిందే, కారప్పొడి ఇంట్లో దంచాల్సిందే. కొన్నాళ్లు నడుం విరగ్గొట్టుకున్నాను. తర్వాత అంగడి పొడులు, ముద్దలు తెచ్చి ఇంట్లోని స్టీలు డబ్బాల్లోకి మార్చేసి, ఖాళీ కవర్లు బ్యాగులో కుక్కుకుని షేర్ ఆటో ఎక్కడం మొదలుపెట్టాను. ఒకరోజు పెరట్లో నిలబడి మసాలా ప్యాకెట్టు పళ్లతో చించుతుంటే గోడ అవతలి నుంచి రత్నమ్మక్క చూసింది.

“యాడ దొంగతనం చేసినావు మే, గోడ చాటున చించుతాండావు?” అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు, వాళ్ల వంటింటికి రమ్మంది. అక్కడ ప్యాకెట్లన్నీ అందరికీ కనబడేలా గూట్లో బారుగా నిలబడి ఉన్నాయి, మూతులకు బట్టల క్లిప్పులు పెట్టుకుని. తెల్లవారుజామున డ్యూటీకి పోయే మనిషి రోలు ముందు కూర్చోలేదని ఎవరికీ సంజాయిషీ ఇవ్వనవసరం లేదంది. అలాగని ఏది పడితే అది కొనే మనిషీ కాదు. కొత్త పొడి తెస్తే ముందు చిటికెడు నాలుక మీద వేసుకునేది. ఉప్పు ఎక్కువ అనిపిస్తే ఆ రకం మళ్లీ ఆమె గడప తొక్కేది కాదు. తాలింపు మాత్రం ఎప్పుడూ తన చేత్తోనే వేసేది. వచ్చేటప్పుడు నా చేతిలో కత్తెర పెట్టింది.

“పండ్లతో చించితే దొంగ మాదిరి ఉంటాది. కత్తెరతో కోయి, ఇంటామె మాదిరి ఉంటాది.”

ఆ మాట పట్టుకుని మర్నాడు అత్త ఎదురుగానే కోశాను. ఇల్లు అట్టుడికిపోయింది. అంగడి కూడు తినే ఇల్లు ఇల్లే కాదని, నా చేత ఉద్యోగం మానిపించమని అత్త కొడుకుతో తేల్చి చెప్పింది. మా ఆయన నెలాఖరుకు మానేయమన్నాడు. నాకు ఆ ల్యాబంటే ప్రాణం. ఆ రాత్రి కళ్లు మూయలేదు.

ఆదివారం నా వంట ముట్టనని అత్తే ఉగ్గాని చేసింది. బొరుగులు, అదే మరమరాలు, నీళ్లలో తడిపి, గట్టిగా పిండేసి, ఉల్లిపాయల తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లింది. సమయానికి రత్నమ్మక్క పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి కూర్చుంది. పెట్టించుకుని తృప్తిగా తినసాగింది.

“శానా బాగుండాది పెద్దమ్మా. బొరుగులు ఇంట్లోనే వేయించినారా?”

“ఇంట్లో ఎవురు వేయిస్తారు మే? బట్టీలో తెచ్చుకుంటాం.”

“పుట్నాలు?”

“అవీ ఆడివే.”

“అయితే ఇదీ అంగడి కూడే కదా.”

అత్త చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. రత్నమ్మక్క నవ్వకుండా ప్లేటు ఖాళీ చేస్తూ కూర్చుంది. అత్త ఎవరి వంకా చూడకుండా, ఆలూరికి కొత్తగా పిండి మిషను వచ్చినప్పటి సంగతి ఎత్తింది. విసుర్రాయి తిప్పలేక ఆమె జొన్నలు మిషనుకు పంపిందట.

“మిషను పిండి రొట్టెలని మా అత్త నా చేతి కూడు ముట్టలా. ఆయమ్మ తినేదాకా నేనూ తినలా” అంది.

మర్నాడు నేను గడప దాటుతుంటే అత్త వెనక నుంచి పిలిచింది. నేను తెచ్చిన సాంబారు పొడిలో ఉప్పెక్కువ ఉందని, వచ్చేటప్పుడు వేరే రకం తెమ్మని చెప్పింది. ఆటోలో దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను. ఉద్యోగం మానే మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

రత్నమ్మక్క రిటైరయ్యాక గుండె జబ్బుతో పోయింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఇరుగుపొరుగు వాళ్లమే వండి పంపాలి. ఆమెకోసం చేసేది ఘనంగా ఉండాలని నేను సంగటికి, పప్పుకు ఎసరు పెట్టబోయాను. మోకాళ్లు పట్టేసిన అత్త గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చింది. పొద్దుటి నుంచి చుట్టాలు ఆకలితో ఉన్నారని, ఉగ్గాని చెయ్యమని చెప్పి, మేకుకున్న కత్తెర తీసుకుని బొరుగుల సంచులు తనే కోసింది. ఎవరైనా వస్తారేమోనని నేను పుట్నాల పొడి ఖాళీ కవర్లు మూలకు నెట్టబోతే ఆపింది.

“దాచొద్దు మే. ఆయమ్మకు గిట్టదు.”

అప్పుడు ఏడ్చాం ఇద్దరం, తాలింపు మాడే దాకా. మళ్లీ తాలింపు పెట్టి, పెద్ద గిన్నె నిండా ఉగ్గాని కలిపి మోసుకెళ్లాం.

ఇప్పుడు ల్యాబులో అందరికంటే పాతదాన్ని నేనే. కొత్తగా పెళ్లయిన పిల్ల ఎవరైనా వాడిపోయిన ముఖంతో వచ్చి, ఇంట్లో ఉద్యోగం మానేయమంటున్నారని చెబితే, నేను పెద్దగా ఏమీ బోధించను. సాయంత్రం అంగడికి తీసుకెళ్లి ఒక మంచి కత్తెర కొనిస్తాను. తాలింపు మాత్రం నీ చేత్తోనే వేసుకోమంటాను.