అయ్యగారి ఉపవాసం

ఎలియాజర్ అయ్యగారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ సంగతి వసంతకుమారికి పెళ్ళైన వారంలోనే తెలిసింది. కృష్ణా జిల్లాలో ఊరూరా పాస్టరుగా పనిచేసి, రిటైరై, మెల్‌బోర్న్ పక్కన క్రాన్‌బర్న్‌లో కూతురు ఎల్సా దగ్గరికి వచ్చాక కూడా ఆ కుందేలుకు నాలుగో కాలు మొలవలేదు.

వచ్చిన ఏడాదే ఆయనకు తెలిసింది, పెర్త్‌లో ఐదు, అడిలైడ్‌లో నాలుగు తెలుగు క్రైస్తవ కుటుంబాలున్నాయనీ, వాళ్ళకు తెలుగులో ఆరాధన జరిపేవాళ్ళు లేరనీ. అంతే, అల్లుడు శామ్ దగ్గరున్న పాత క్యాంపర్ వ్యాన్ అడిగి తీసుకున్నారు. మిషన్ జీపు నడుపుతూ కాలవగట్లన్నీ తిరిగిన చెయ్యి మరి. ఏటా ఈస్టర్‌కి ముందు నలభై రోజులు ఉపవాసాలుండే లెంటులో ఇద్దరూ బయల్దేరి పెర్త్ దాకా వెళ్తారు. తిరుగుదారిలో ఈస్టర్‌కి అడిలైడ్ చేరుకుని, అక్కణ్ణించి ఇంటికి వస్తారు. వంటా పడకా వ్యాన్‌లోనే. సీటు కింద ప్రభువు బల్ల సామాను పెట్టె: ఆరాధనలో అందరికీ ఇచ్చే ద్రాక్షరసం, దాని గిన్నె, గుడ్డలు.

ఆ పెట్టెలో గిన్నె తోమేది, గుడ్డలు ఇస్త్రీ చేసేది వసంతకుమారి. బల్ల దగ్గర నిలబడేది మాత్రం ఆయన. ఒకసారి గుడివాడ దగ్గర ఒక ఊళ్ళో, ఆయన జ్వరంతో తూలుతుంటే, గిన్నె పట్టుకుందామని ఆమె రెండడుగులు ముందుకు వేసింది. సంఘమంతా చూస్తుండగా "నీ చోటికి వెళ్ళు" అన్నారు. వెళ్ళింది. ఆ మాట తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ కలుక్కుమంటుంది.

1990లో గుడ్ ఫ్రైడే నాటికి వాళ్ళు ఇంకా దారిలోనే ఉన్నారు. పళ్ళు దాటనివ్వని సెడ్యూనా చెక్‌పోస్టులో మిగిలిన నారింజపళ్ళన్నీ అప్పగించి, పక్కనున్న ఫోన్ బూత్ నుంచి వసంతకుమారి కూతురికి ఫోన్ చేసింది. ఎల్సా నర్సు.

"డాడీ ఫాస్టింగ్ ఇంకా చేస్తున్నారా మమ్మీ?"

"నలభై రోజులూ చేస్తారుగా. రోజూ సాయంత్రం దాకా. ఇవాళైతే ప్రభువు ప్రాణం విడిచిన వేళ, మధ్యాహ్నం మూడింటి వరకూ మంచినీళ్ళు కూడా ముట్టరంట."

"మరి షుగర్ టాబ్లెట్?"

"అది మానరమ్మా. పొద్దున్నే ఏడింటికి వేసుకున్నారు. మొన్న పెర్త్‌లో డాక్టరు గారు డోసు పెంచారుగా."

"ఫాస్టింగ్ సంగతి డాక్టర్‌కి చెప్పారా?"

"చెప్పనిచ్చారా నన్ను!"

"మమ్మీ, లిసన్. తినకుండా ఆ టాబ్లెట్ వేసుకుంటే షుగర్ బాగా డౌన్ అయిపోద్ది. చెమటలు పడతాయి, మాట తేడా వస్తది, తర్వాత స్పృహే ఉండదు. డ్రైవింగ్‌లో అట్లా అయితే... ప్లీజ్, ఇప్పుడే ఏదో ఒకటి తినిపించు. తీపి పెట్టు."

చిల్లర అయిపోయి ఫోన్ కట్టయింది.

ఆమె వచ్చి చెబితే విని ఆయన నవ్వారు. "బిళ్ళ మానొద్దన్నారు, మానలేదు. ఉపవాసం మానమని ఎవరూ చెప్పలేదు. మూడింటికి ప్రార్థన చేసుకుని గంజి తాగుతాను. ఎక్కు."

ఎక్కక ఏం చేస్తుంది? ఆమెకు డ్రైవింగ్ రాదు. నేర్పమని ఒకసారి అడిగితే "నేనున్నాగా" అన్నారు.

అప్పటికి పదిన్నర. మూడింటి దాకా నాలుగున్నర గంటలు. పంచదార డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆమె ఆయన నుదుటి వైపే చూస్తూ కూర్చుంది. కోసేసిన గోధుమ పొలాలు వెనక్కి పోతూనే ఉన్నాయి, ఒక్కటీ ఆమె కంట పడలేదు. మధ్యమధ్య "ఒక్క బిస్కెట్టు" అంటుంది, ఆయన తల అడ్డంగా ఊపుతారు. పన్నెండయింది. గుడ్ ఫ్రైడే సెలవు, అన్ని ఊళ్ళలోనూ దుకాణాలు మూసి ఉన్నాయి. దారిలో నరమానవుడు లేడు.

మిన్నిపా అనే ఊరు దాటాక ఆయన చెవి పక్కన చెమట కనబడింది. బయట మబ్బు, చలిగాలి. "ఎండగా ఉంది కదూ" అన్నారు. తర్వాత ఒక కీర్తన ఎత్తుకుని మొదటి చరణమే నాలుగుసార్లు పాడారు. వసంతకుమారి పంచదార డబ్బా మూత తీసింది. వ్యాన్ చక్రం రోడ్డు దిగింది. కంకర రాళ్ళు కింద టపటపా కొట్టుకున్నాయి.

"ఏవండీ, ఆపండి!"

"ఆపుతా. గుడివాడ వచ్చేసిందిగా."

అరిస్తే లాభం లేదు. ఎంత మొండివారైనా ఎదుటివాళ్ళకు నలతగా ఉందంటే ఆగుతారని గుర్తొచ్చి, "కడుపులో తిప్పుతోందండీ, వాంతి వచ్చేట్టుంది" అంది. ముప్పై నాలుగేళ్ళలో ఆయనతో ఆడిన మొదటి అబద్ధం. బ్రేకు పడింది. వ్యాన్ సగం గడ్డిలోకి వెళ్ళి ఆగింది. ఆమె చెయ్యి చాచి తాళంచెవి లాగి కొంగున ముడేసుకుంది.

పంచదార నీళ్ళు కలిపి గ్లాసు నోటి దగ్గర పెట్టింది. ఆయన పళ్ళు బిగించారు. ఇంకోసారి పెడితే చేత్తో కొట్టారు. గ్లాసు కిందపడింది. "ఉపవాసం" అన్నారు. ఆ ఒక్క మాటే స్పష్టంగా వచ్చింది. చొక్కా తడిసి ముద్దయింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆమెకు భయంతో పాటు ఒళ్ళు కూడా మండింది. "చచ్చిపోతారండీ! నన్నీ రోడ్డు మీద వదిలేసి చచ్చిపోతారు!" అని అరిచింది. ఆయన ముఖం అటు తిప్పుకున్నారు.

సీటు కింద నుంచి పెట్టె లాగింది. గుడ్ ఫ్రైడే నాడు ప్రభువు బల్ల ఇవ్వరు. ఆడవాళ్ళు ఏనాడూ ఇవ్వరు. రెండూ ఆమెకు తెలుసు. గిన్నెలో ద్రాక్షరసం పోసి, మూడు చెంచాల పంచదార వేసి కలిపింది. దిగి, డ్రైవర్ వైపు తలుపు తీసి, కంకర మీద నిలబడి, తలమీద కొంగు కప్పుకుంది. గిన్నె ఎత్తి, బల్ల దగ్గర ఆయన చెప్పే మాటలు మొదలుపెట్టింది.

మొదటి మాటకే ఆయన చేతులు దిగాయి. మధ్యలో ఒక మాట మరచిపోయింది. కంగారుపడి మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. ఆయన తల వంచారు. "పుచ్చుకోండి" అనగానే పెదవులు విచ్చుకున్నాయి. గుక్క గుక్కకీ ఆపుతూ పట్టించింది. చివర్న ఆయన నోట్లోంచి "ఆమెన్" వచ్చింది, వినబడీ వినబడనట్టు.

పావుగంటకు ఆయన కళ్ళు తేటపడ్డాయి. ఇచ్చిన బిస్కెట్టు మారుమాట్లాడకుండా తిన్నారు, ఇంకోటి అడిగి తిన్నారు.

"ముందున్న వుడిన్నాలో ఆస్పత్రి ఉంటుంది. ఎవరి కారైనా వచ్చేదాకా ఇక్కణ్ణించి కదలం. తాళంచెవి ఇవ్వను" అంది వసంతకుమారి.

ఆయన తాళంచెవి అడగలేదు. తెరిచి ఉన్న పెట్టె వైపు, ఆమె చేతిలోని గిన్నె వైపు చూస్తున్నారు. ఆయన ప్రాణం దక్కిందన్న సంతోషం ఇంకా పూర్తిగా రానే లేదు, ఇప్పుడేమంటారోనని ఆమెకు కొత్త భయం పట్టుకుంది.

"ఎవరిచ్చారు?"

"నేనే."

"మాటలన్నీ చెప్పావా?"

"చెప్పాను. ఒకటి తప్పిపోతే మళ్ళీ మొదట్నుంచి చెప్పాను."

"నేను ఆమెన్ అన్నానా?"

"అన్నారు."

దూరంగా ఏదో బండి వస్తున్న చప్పుడు మొదలైంది. ఆపడానికి ఆమె రోడ్డు వైపు తిరగబోతే, ఆయన ఆమె ముంజేయి పట్టుకున్నారు.

"గిన్నెలో ఇంకా ఉందిగా. నువ్వు పుచ్చుకో. ఇచ్చినవాళ్ళు పుచ్చుకోకుండా బల్ల దగ్గర్నించి కదలకూడదు."

ఆమె గిన్నె ఎత్తింది. తాగి "ఆమెన్" అనేదాకా ఆయన వంచిన తల ఎత్తలేదు.