డ్రమ్ములో దిండు

ఇది ఇంతకు ముందే ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. మొన్నమొన్నటి దాకా వేలిముద్రే. యూనివర్సిటీ క్యాంపస్‌లో చదివే అమ్మాయిలు కొందరు సాయంత్రాలు మా బస్తీకి వచ్చి పాఠం చెబుతుంటే, తెల్లజుట్టుతో కూచుని అక్షరాలు దిద్దుకున్నాను. ఇప్పుడు వచ్చింది. రాస్తున్నాను.

ఈ మాట నిజమే. కానీ నాకే నమ్మబుద్ధి కావడం లేదు. రాత రాకపోతే నోరు లేదా? ఇన్నేళ్లు గుండె మీద బండ పెట్టుకుని తిరిగాను. చెప్పడానికి మనుషులు లేకనా? మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను లేడీస్ హాస్టల్ మెస్‌లో వంటకు పోయేదాన్ని. తార్నాకలో ఒక రిటైరయిన సారు ఇంటి వెనక గదిలో ఉండేదాన్ని. వాకిలి ఊడ్చి, గేటు చూసుకుంటే చాలు, కిరాయి అడిగేవాడు కాదు. నా గది పక్కన కారు షెడ్డు. దాన్ని ముగ్గురు పిల్లలు అద్దెకు తీసుకున్నారు. డ్రమ్ములు కొట్టే డానియేలు మెదక్ దిక్కు వాడు, మా పక్క ఊరే. గిటారు వాయించే సునీల్‌ది కర్నూలు, తండ్రి సర్కారు ఆఫీసరు. కావ్య పాడేది. ముగ్గురూ క్యాంపస్‌లో చదువు అయిపోయాక ఉద్యోగం వెతుక్కోకుండా బ్యాండు పెట్టుకున్నారు. సినిమా పాటలు కాదు. సొంతంగా కట్టుకున్న రాక్ పాటలు.

వాళ్ల వెనక ఏ కంపెనీ లేదు. ఒక పాత వ్యాన్, వంతులేసుకుని నడిపేవాళ్లు. బెంగళూరు, పూణె, వైజాగు, ఎక్కడ పిలిస్తే అక్కడికి. సామాను మధ్యలో ముడుచుకుని పడుకుని వచ్చేవాళ్లు. తెల్లారి దిగాక వాళ్లకొక నియమం ఉండేది. ఆఖరి డబ్బా షెడ్డులోకి చేరేదాకా ఎవరూ చాయ్ ముట్టకూడదు. రాత్రంతా పాడి గొంతు పోయిన కావ్య కూడా స్పీకరు ఒక కొస పట్టుకునేది. అది అయ్యాక నా గది ముందు చతికిలబడేవాళ్లు.

"టీ ఇయ్యకపోతే ఈడనే సచ్చిపోతా పెద్దమ్మా" అనేవాడు సునీల్.

"సావురా, నీ గిటారు అమ్ముకుంట" అనేవాడు డానియేలు.

సారు ఒకరోజు నన్ను పిలిచి, "వాళ్ల మీద కన్నేసి ఉంచు. ఏమన్నా తేడా వస్తే నీ గది కూడా ఉండదు" అన్నాడు. ఆ రోజు నుంచి నా చూపు మారిపోయింది. షెడ్డు గోడలకు పాత పరుపులు ఎందుకు కొట్టారు? కిటికీకి అట్టలెందుకు? పగలంతా నిద్ర ఏంది? చప్పుడు బయటికి పోకుండా అని ఇప్పుడు తెలుసు. అప్పుడు, లోపలిది కనబడకుండా అనుకున్నాను. కాపలా పెట్టిన మనిషికి ఏదో ఒకటి కనబడాలి కదా.

ఒక మధ్యాహ్నం కనబడింది. డానియేలు పెద్ద డ్రమ్ము ముందువైపు తోలు విప్పి, మూటలాంటిది లోపలికి తోసి, మళ్లీ బిగించాడు. బిగించి అటూ ఇటూ చూశాడు. చూశాడా? నాకు అలాగే గుర్తుంది, కానీ ఆ గుర్తును నేనే కల్పించుకున్నానేమో. అప్పుడే వైజాగు నుంచి వచ్చారు. ఆ దిక్కు నుంచే గంజాయి వస్తుందని మెస్‌లో అందరూ అనుకునేవాళ్లు. పోయి అడిగితే చెప్పేవాడు. అడగలేదు. అనుమానం అడగదు, చూస్తూనే ఉంటుంది. సారుకు చెప్పాను. గంజాయి అని అనుకుంటున్నాను అనలేదు. గంజాయే అన్నాను.

వాళ్లు బెంగళూరుకు బయలుదేరే పొద్దున పోలీసులు వచ్చారు. పేరున్న బ్యాండ్ల పక్కన వాయించమని వాళ్లకు వచ్చిన మొదటి పిలుపు అది. డ్రమ్మును వ్యాన్‌లోంచి దించి వాకిట్లోనే తోలు కోశారు. లోపల దిండు. పాత దిండు. మోత గుయ్యిమనకుండా డ్రమ్ములు కొట్టేవాళ్లు అలా దిండు పెట్టుకుంటారట. అయినా సాయంత్రం దాకా స్టేషన్‌లో కూచోబెట్టారు. షో పోయింది. షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు సారు.

ఇక్కడిదాకా తెలియక చేశానని చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాను కూడా. తర్వాతది తెలిసే చేశాను.

మర్నాడు డానియేలు ఒక్కడే నా దగ్గరికి వచ్చాడు.

"డ్రమ్ముల ఏదో పెట్టిన సంగతి బయటోళ్లకు ఎట్ల తెలుస్తది పెద్దమ్మా? మాలోనే ఎవడో చెప్పిండు."

"నాకేం తెల్వది బిడ్డా."

"పోలీసోళ్లను పిలిచింది సారే. నువ్వు ఈడనే ఉంటవు. సారు తాన ఎవరు పోయిన్రో నీకు తెల్వదా?" నా కళ్లలోకే చూస్తున్నాడు. "సునీల్ గాడు పోయిండా? వాళ్ల నాయన వానికి నౌకరీ చూసిండు. టూర్లు బందు పెడ్దామని ఒకటే లొల్లి చేస్తున్నడు."

"పోయిండు" అన్నాను. "నేను చూసిన."

అంతే. ఆ పేరు నేను తేలేదు. వాడే అందించాడు, నేను తీసుకున్నాను. వాడి చూపు నా మీద నుంచి పక్కకు పోవాలి, అదొక్కటే నాకు కావాల్సింది. కాదు, ఇంకొకటి ఉంది, అది కూడా దాచకూడదు. సునీల్‌కు ఆఫీసరు తండ్రి ఉన్నాడు, పడినా లేస్తాడు, నా గది పోతే నాకు లేవడం ఉండదు అనుకున్నాను. రెప్పపాటులో ఇంత ఆలోచన ఎలా చేశాను? లేక ముందే చేసి పెట్టుకున్నానా?

తాను పోలేదని సునీల్ తన తల్లి మీద ఒట్టు పెట్టాడు. "పెద్దమ్మ అబద్ధమెందుకు చెప్తది?" అంది కావ్య, నాకు వినబడేట్టే. పోయే రోజు సునీల్ నా గడప దాకా వచ్చి నిలబడ్డాడు. నేను లోపల గిన్నెలు చప్పుడు చేస్తూ ఉండిపోయాను. కాసేపు ఉండి వెళ్లిపోయాడు. ఊళ్లు పట్టుకు తిరిగిన బ్యాండు అక్కడితో అయిపోయింది. సారుకు చెప్పింది నేనేనని తెలిసే వచ్చాడేమో. ఇన్నేళ్లూ అదే అనుమానం. ఎవరైనా నన్ను ప్రేమగా పిలిస్తే, తెలిసే పిలుస్తున్నారా అని ముందు మొహం చూస్తాను.

ఇక్కడిదాకా నిన్న రాశాను. రాశాక నా మీద నాకే అనుమానం వచ్చింది. మొహం కనబడని మీకు చెప్పి, చెప్పేశాననిపించుకుంటున్నానా?

ఈ పొద్దున రామంతాపూర్ పోయాను. డానియేలు అక్కడ పిల్లలకు డ్రమ్ములు నేర్పుతాడని ఎప్పటి నుంచో తెలుసు. గుమ్మంలోనే చెప్పాను. సునీల్ పోలేదు బిడ్డా, సారుకు చెప్పింది నేనే అని. తిట్టలేదు. కూచోమని కూడా అనలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. సునీల్ నంబరు ఇంకా తుడిచెయ్యలేదు. కలిపి నా చేతికిచ్చాడు.

"ఎవరు?" అంది అవతల సునీల్ గొంతు.

నా పేరు చెప్పాను. వాడు ఫోన్ పెట్టేసేలోపు చెప్పాలని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.