పట్టుదారం కొలత

మొన్న మా అమ్మాయి లెక్కల నోట్సులో రెండు ఇంగ్లీషు అక్షరాలు చూశాను. ఒకటి తలకిందులుగా, ఒకటి వెనక్కి తిరిగి ఉన్నాయి. మొదటిదానికి ‘ప్రతి’ అని, రెండోదానికి ‘ఒకరున్నారు’ అని అర్థమట. "ఏది ముందు రాస్తే ఏం పోతాది నాయనా?" అంది. కాలు పోతుందన్నాను. తను నవ్వింది.

తొంభైల చివర్లో మా పెనుకొండ క్రైస్తవ సంఘంలో ఒక అవ్వ ఉండేది. ఆదివారపు బడిలో మాకందరికీ వాక్యాలు కంఠతా పట్టించింది ఆమే. ఒక మాట జారితే చెవి మెలేసేది. ఆమెకు నా అన్నవాళ్లు లేరు. షుగరుతో పాదం మీద పుండు లేచి మంచాన పడితే, రోజూ రైల్లో హిందూపురం పోయి డిగ్రీ చదువుకొచ్చే నేను, ఆ ధీమాతోనే ఒక వంతుల పట్టీ రాసి మందిరం గోడకు అంటించాను. ముప్పై రోజులకు ముప్పై ఇళ్లు. వంతు వచ్చినవాళ్లు సంగటి తీసుకుపోవాలి, కట్టు మార్చాలి, ప్రార్థన చేసి రావాలి. ఒక్క రోజూ తప్పలేదు. నెల తిరిగాక సాక్ష్యం చెప్పడానికి లేచి, అవ్వ దగ్గరికి ఎవరో ఒకరు పోని రోజు లేదని దేవునికి స్తోత్రాలు చెల్లించాను. అందులో కొంత నాకు నేనే చెల్లించుకున్నాను.

ఆ వారమే ధర్మవరం నుంచి మా పెద్దమ్మ వచ్చింది. మగ్గం నేసే మనిషి. అవ్వ ఇంట్లోనే దిగింది. మొదటి రోజు పుండు పక్కన పట్టుదారం పట్టి, సరిగ్గా అంత పొడవుకు తెంపి గూట్లో పెట్టింది. మూడో రోజు నన్ను పిలిచి అదే దారం మళ్లీ పట్టి చూపించింది. దారం చాల్లేదు.

"ఇది పెరుగుతాండాదని ఎవురూ చెప్పలేదా?"

"రోజూ ఎవరో ఒకరు వచ్చి చూస్తానే ఉండారు పెద్దమ్మా."

"రోజుకొకరు వచ్చినారు. రోజూ వచ్చినోళ్లు ఒక్కరన్నా ఉండారా? నిన్న చూడనోళ్లకు ఈ పొద్దు పెరిగిందని యాడ తెలుస్తాది?"

"వాన్నేమీ అనొద్దులేమ్మా," అంది అవ్వ మంచం మీద నుంచి. "పట్టీ మాత్రం ముత్యాల మాదిరి రాసినాడు."

మధ్యాహ్నం బస్సుకే హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాం. రెండు వేళ్లు తీసేశారు, పాదం నిలిచింది. ఇంకో వారం ఆగి ఉంటే మోకాలి దాకా తీయాల్సి వచ్చేదన్నారు డాక్టరు. "రెండు వేళ్లు నాకంటే ముందే పరలోకం చేరినాయి, నాకు చోటు పట్టి పెడతాయిలే," అంది అవ్వ.

గోడ మీది పట్టీ నేను చింపలేదు. ముప్పై ఇళ్ల సంగటీ అలాగే వచ్చింది. అడుగున మాత్రం ఒక వరస చేర్చాను: అన్ని రోజులకూ, నా పేరు. రైలు దిగి నేరుగా అవ్వ ఇంటికి పోయేవాణ్ణి, దారం పట్టేవాణ్ణి. ఒక నాటికి దారం సరిపోయింది, ఆ తర్వాత పుండు కంటే పొడవైపోయింది.

అవ్వ ఆ పాదంతోనే ఇంకా చాలా ఏళ్లు మందిరానికి నడిచి వచ్చింది. ఆ దారం ఇప్పటికీ నా పరిశుద్ధ గ్రంథంలో ఉంది. మనం ఒక్కొక్కరం ఒక్కొక్క రోజు చూసి వెళ్లిపోతాం. అన్ని రోజులనూ చూసేవాడు ఒకడున్నాడన్న నమ్మకంతోనే నాకు ఇన్నేళ్లూ గడిచాయి.