తాళం వేసిన ఇంట్లో మోతీ అడుగులు

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్ళిపోయే రకం. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. రుజువు లేనిదేదీ ఒప్పుకోవద్దని పిల్లలకు రోజూ చెప్పేవాణ్ణి. ఇది రాయడానికి ఇన్నాళ్ళూ వెనకాడింది అందుకే.

చంపాపేట్‌లో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో కిరాయికి ఉంటాం, నేనూ నా భార్య సునీతా. తను ఎల్బీ నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. మాకు పిల్లలు లేరు. పదమూడేళ్ళ పాటు మోతీ ఉన్నాడు.

వీధికుక్కే. పిల్లగా ఉన్నప్పుడు ఆటో తగిలి వెనక ఎడమకాలు పాడైంది. టైల్స్ మీద నడిస్తే మూడుసార్లు గోళ్ళ చప్పుడు వినబడి, నాలుగోసారి ఈడ్చినట్టుండేది. వాడు ఏ గదిలో ఉన్నాడో చూడకుండానే చెప్పేవాళ్ళం.

పోయిన ఏడాది ఎండాకాలంలో కిడ్నీలు చెడి చనిపోయాడు. మధ్యాహ్నం మూడింటికి. చివరిదాకా తలుపు వైపే చూస్తూ పడుకున్నాడు. నేను సెలవు పెట్టి పక్కనే ఉన్నాను. సునీత డ్యూటీలో ఉంది. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఎందరో రోగుల పక్కన ఆఖరి నిమిషం దాకా నిలబడ్డ మనిషి, తన కుక్క దగ్గర మాత్రం ఉండలేకపోయింది. ఆ మాట బయటికి అనలేదు గానీ, తిండి తగ్గించేసింది, మాటా తగ్గించేసింది.

నెల గడిచాక ఇంకో కుక్కను తెచ్చుకుందామన్నాను.

"వాని గిన్నె ఇంక ఆడనే ఉంది. అప్పుడే ఇంకొకటా?" అంది.

తర్వాతి నెల మళ్ళీ అడిగాను, ఎప్పుడు తెద్దామని. వాడి గిన్నె కడిగి మళ్ళీ అక్కడే పెట్టింది. మూడోసారి అడిగితే, "నన్ను అడగకు," అని లోపలికి వెళ్ళిపోయింది.

సరిగ్గా మా కింద, రెండో అంతస్తులో రాజేశ్వరమ్మగారని రిటైర్డ్ టీచర్ ఉంటారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఒక్కరే ఉంటారు. మోతీ పోయినప్పుడు ఆమె వైజాగ్‌లో చెల్లెలి దగ్గర ఉన్నారు. మూడు నెలల తర్వాత తిరిగొచ్చారు. మోతీ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వచ్చిన వారానికి మెట్ల మీద మా ఇద్దరినీ ఆపారు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మధ్యాహ్నం మూడింటికి మీ మోతీ బాల్కనీ నుంచి తలుపుదాకా, తలుపు నుంచి బాల్కనీదాకా ఒకటే తిరుగుతున్నాడు. కాలీడ్చుకుంటూ, పాపం. నాకు కాస్త కునుకు పట్టే వేళ అదేనండీ."

సునీత నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "చూస్తం ఆంటీ," అంది, అంతే. ఇంట్లోకి వచ్చాక, "ఆమెకు చెప్పకు, భయపడ్తది," అంది.

మధ్యాహ్నం మూడింటికి మా ఇంటికి తాళం ఉంటుంది. ఎలుకలనుకున్నాను. నీళ్ళ పైపులనుకున్నాను. ప్లంబర్ని పిలిపించి చూపించాను. మా బిల్డింగ్‌లో ఇంకెవరికీ కుక్క లేదు. ఒకరోజు సెలవు పెట్టి ఇంట్లో కదలకుండా కూర్చున్నాను. ఏమీ వినబడలేదు.

మరుసటి రోజు ఏదో వంకతో రాజేశ్వరమ్మగారింటికి వెళ్ళాను. మా తాళంచెవి నా జేబులోనే ఉంది. సునీత దవాఖానలో ఉంది. మూడు దాటి కొన్ని నిమిషాలైందేమో, నెత్తి మీద వినబడింది. మూడు గోళ్ళ చప్పుళ్ళు, ఒక ఈడ్పు. మూడు చప్పుళ్ళు, ఒక ఈడ్పు. బాల్కనీ వైపు నుంచి తలుపు వైపు.

పరుగున పైకి వెళ్ళి తాళం తీశాను. ఎవరూ లేరు. ఫ్యాను కూడా తిరగడం లేదు. అక్కడే ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తులేదు.

సాయంత్రం సునీతకు చెప్పాను. భయపడుతుందనుకున్నాను. ఆ పూట కడుపు నిండా అన్నం తింది. తిన్నాక, "ఇంక వేరే కుక్క వద్దే వద్దు. కొత్తది వస్తే వాడు పోతడు," అంది.

అక్కడి నుంచి నా బెంగ ఇంకో రకమైంది. సునీత షిఫ్టు మార్పించుకుని మూడింటికి ఇంట్లో ఉండడం మొదలుపెట్టింది. ఫ్యాను ఆపి, టీవీ ఆపి, సోఫాలో ఊపిరి బిగబట్టి కూర్చునేది. మేముంటే ఆ చప్పుడు రాదు. వారం రోజులు చూసి మళ్ళీ పాత షిఫ్టుకే వెళ్ళింది. ఈ ఇంట్లో ఇక ఎదురుచూపే మిగులుతుందా అని నాకు దిగులు పట్టుకుంది.

రెండు వారాల తర్వాత, ఒక మంగళవారం పొద్దున ఇద్దరం కిందికి దిగుతుంటే, రాజేశ్వరమ్మగారు పాల ప్యాకెట్లు తీసుకుంటూ కనబడ్డారు.

"రెండోదాన్ని ఎప్పుడు తెచ్చారమ్మా?" అనడిగారు.

"ఏ రెండోది ఆంటీ?"

"అదే, చిన్నది. నాలుగు రోజులుగా వింటున్నాను. మోతీ నడుస్తుంటే వెనకాలే టకటకా గెంతుతోంది. వాడాగితే అదీ ఆగుతోంది. ఇల్లంతా తిప్పి చూపిస్తున్నాడనుకుంటా."

సునీత మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆలస్యమవుతోందన్నా లేవలేదు. రాజేశ్వరమ్మగారు లోపలికి వెళ్ళాక నా వైపు చూసి, "ఎప్పుడు, ఎప్పుడు అని అడుగుతుంటివి గదా. గీ ఆదివారం పోదాం," అంది.

మెయిన్ రోడ్డు మీద కూరగాయలమ్మే ఆమె బండి కింద ఒక కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. మూడింటిని ఎవరెవరో తీసుకుపోయారు. ఒకటి మిగిలింది. "ఆడిదని ఎవలు తీస్కపోలేదక్కా. పాలు మరిచింది. మంచిగ సాదుకో," అంటూ ఆమే ఎత్తి సునీత చేతుల్లో పెట్టింది. సునీత దాన్ని చున్నీలో చుట్టుకుంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని దారిలోనే చుక్కి అని పేరు పెట్టింది.

పది రోజుల తర్వాత రాజేశ్వరమ్మగారిని టీకి పిలిచి, ఉన్నదంతా చెప్పేశాం. ఆమె కప్పు కింద పెట్టి, వేళ్ళ మీద ఏవో రోజులు లెక్కపెట్టుకున్నారు.

"ఆ ఈడ్చే చప్పుడు ఆఖరిసారి విన్నది మీరు చుక్కిని తెచ్చుకున్న ఆదివారమే సునీతా. మధ్యాహ్నం మూడింటికి."

ఆ సమయానికి మేం కూరగాయల బండి దగ్గర ఉన్నాం.

"ఎటు పోయిండు ఆంటీ?" అంది సునీత.

"తలుపుదాకా వచ్చాడు. వెనక్కి వెళ్ళిన చప్పుడు మాత్రం నాకు వినబడలేదు."

సునీత ఏడుస్తుందనుకున్నాను. "మంచిగైంది," అని, కళ్ళు తుడుచుకుని, చుక్కి నోట్లోంచి నా చెప్పు లాగింది. తర్వాత చుక్కికి టీకాలు ఎప్పుడెప్పుడు వేయించాలో రాజేశ్వరమ్మగారికి చెప్పడం మొదలుపెట్టింది.

పెద్దావిడ చెవులు పొరబడ్డాయందామంటే, నేనూ విన్నాను. మోతీ మీది బెంగతో మేమే ఊహించుకున్నామందామంటే, వాడు పోయిన సంగతే ఆమెకు తెలియదు. ఇక ఆ చిన్న అడుగులు ఎవరివో, చుక్కి ఇంకా బండి కింద తల్లి దగ్గరున్న రోజుల్లో అవి మా ఇంట్లోకి ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఆదివారం నుంచి అవి మా ఇంట్లో నిజంగానే వినబడుతున్నాయి. నేను చెప్పగలిగింది అంతే.