వంటింట్లో ఒక స్పీకర్

తొంభై మూడులో వన్ టౌన్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ రిసీవర్ కొన్నాను. రేడియో, ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో. రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. క్యాసెట్ డెక్కు, రెండు స్పీకర్లు ముందుగదిలో సర్దుతుంటే నా భార్య వచ్చింది.

"రెండూ మీకేనా? ఒకటి నా వంటింట్లో పెట్టండి."

మధ్యగది గుండా వైరు లాగి, ఎడమ స్పీకరు వంటింటి అటక మీద పెట్టాను. అప్పటినుంచీ అక్కడే ఉంది.

పని చేసుకుంటూ ఆమె పాటతోపాటు పాడేది. చరణాల మధ్య, నాకు తబలా తప్ప ఏమీ వినపడని చోట కూడా ఏదో రాగం తీసేది.

"ఆ బిట్టు పాటలో లేదే. నువ్వు కలుపుతున్నావా?"

"ఉందండీ. వయొలిన్."

"అయితే నీ పేరు కూడా వెయ్యమని సంగీత దర్శకుడికి ఉత్తరం రాద్దాం."

"రాయండి. చేతిరాత మాత్రం కాస్త అర్థమయ్యేట్టు రాయండి."

నేను మాత్రం ఒక్కసారీ లేచి వంటింట్లోకి వెళ్లి వినలేదు.

ఆమె పోయిన కొన్ని నెలలకు ముందుగది స్పీకరు గరగరమని ఆగిపోయింది. వంటింట్లోది ఒక్కటే మోగుతోంది. కట్టేద్దామని లేచినవాణ్ణి ఆ మోత వెంట వంటింట్లోకి వెళ్లాను. చరణం అయింది. వయొలిన్లు వచ్చాయి. ఆమె తీసిన రాగమే, అదే చోట.

ఆ తరవాత ముందుగదిలో కూర్చోలేకపోయాను. మర్నాడు కొత్త సెట్టు చూద్దామని బెంజి సర్కిల్ వైపు ఒక షోరూముకు వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను.

"ఆ పాతదానికి రిపేరెందుకు సార్? ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చెయ్యండి. దీనికి రిమోటు, అయిదు స్పీకర్లు."

"ఒకటి వంటింట్లో పెట్టొచ్చా?"

"వంటింట్లోనా! అన్నీ మీ చుట్టూనే ఉండాలి సార్."

అతను చెప్పింది నిజమే. శబ్దం శుభ్రంగా ఉంది. కానీ కొత్తది తెస్తే వంటింట్లో ఏమీ మోగదు. పాతది బాగుచేయిస్తే ముందుగది మళ్లీ మోగుతుంది, నేను మళ్లీ అక్కడే కూర్చుంటాను. అలాగే వదిలేస్తే ఇల్లు సగం మూగది. ఏదీ తేలక, మూడోరోజు పాతదాన్ని ఆటోలో వన్ టౌన్‌కి, నాకు అమ్మిన మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లాను. గడ్డం నెరిసింది గానీ నన్ను గుర్తుపట్టాడు.

"ఇంకా దీన్నే వాయిస్తున్నారా సార్?"

"కొత్తది కూడా చూశాను భాయ్."

"చూస్తే తప్పేముంది. నేనూ రోజూ చూస్తా."

మూత విప్పి, లోపల కుడి స్పీకరుకి వెళ్లే స్విచ్చు నల్లబడితే తుడిచాడు. తన స్పీకర్లు రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి నా క్యాసెట్ వేశాడు. కుడిదాంట్లో తబలా, ఎడమదాంట్లో వయొలిన్; రెండూ కలిసి వినడం నాకదే మొదటిసారి. కొన్నప్పటినుంచీ ఒక స్పీకరు వంటింట్లోనే ఉందని చెప్పాను.

"పదకొండేళ్లు ఒక్క చెవితో విన్నారా! రెండో చెవి ఎవరికిచ్చారు?"

"మా ఆవిడకి."

"అమ్మగారినే అడగండి సార్, పాతదా కొత్తదా అని. వినేది ఆవిడేగా."

ఆమె లేదని చెప్పాను. అతను చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. పాట పూర్తిగా అయ్యాకే క్యాసెట్ ఆపాడు.

పాతదే ఇంటికి తెచ్చాను. అటక మీది స్పీకరు కదపలేదు. ఇప్పటికీ చరణం అయి తబలా ఒక్కటే మిగిలేసరికి కుర్చీలోంచి లేస్తాను. మధ్యగది దాటి వంటింట్లోకి వెళతాను. ఒక్కోసారి వెళ్లేసరికి ఆ బిట్టు అయిపోతుంది. ముందుగదికి వచ్చి క్యాసెట్ వెనక్కి తిప్పి, మళ్లీ వెళతాను.