జైనూర్ వైపు నుంచి వచ్చిన ఈసీజీ

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి టీ పెట్టుకోవడానికి పోయే మనిషిని నేను. గుండె ఆసుపత్రిలో పదకొండేళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మనుషులు పోవడం కళ్లారా చూశాను. పోయినవాళ్లు తిరిగి రావడం మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఇప్పటికీ నమ్మను. నమ్మకపోయినా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు నా పని గురించి చెప్పాలి. ఇదివరకు జైనూర్ వైపు కొండల్లో ఎవరికైనా ఛాతీనొప్పి వస్తే జీపులో వేసుకుని బయల్దేరేవారు. చాలామంది దారిలోనే పోయేవారు. ఇప్పుడు అక్కడి చిన్న ఆసుపత్రిలోనే నర్సు ఈసీజీ తీసి పంపుతుంది. రెండు నిమిషాల్లో అది కరీంనగర్‌లో మా గదిలోని తెర మీదికి వస్తుంది. నేను ప్రింటు తీసి డాక్టర్ ముందు పెడతాను. గుండె రక్తనాళం మూసుకుపోయిందని ఆయన చెబితే, గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇచ్చేస్తారు. ఆ తర్వాతే అంబులెన్స్. ఎంత తొందరగా ఇస్తే గుండె అంత మిగులుతుంది. ఈ పని చేస్తున్నందుకు నాకు గర్వంగా ఉండేది.

రెండేళ్ల కిందట ఒక సోమవారం, పొద్దున పదకొండు కావస్తుండగా అటు నుంచే ఒక ఈసీజీ వచ్చింది. గీతలు చూడగానే తెలిసిపోయింది, పెద్ద గుండెపోటు. పేరు చూశాను. ఓదెలు. మా బాపు పేరు, కన్నతండ్రి పేరు.

తర్వాత వయసు చూశాను, డెబ్బై ఒకటి. మా బాపుకు అరవై ఆరు. హమ్మయ్య అనుకున్నాను. ఓదెలు అనే పేరు మా వైపు వాడకొకరికి ఉంటుంది. పైగా బాపు ఉండేది గోదావరి ఒడ్డున బొగ్గుగని కాలనీలో. గనిలో రిటైరయ్యాక అక్కడే ఉండిపోయాడు. జైనూర్‌కు జన్మలో వెళ్లలేదు.

డాక్టర్ ఆ ఈసీజీ చూసి వెంటనే ఇంజెక్షన్ ఇమ్మన్నారు. నేను అక్కడి నర్సుకు ఫోన్ చేశాను.

"గా పేరుతోని ఎవ్వలు రాలే మేడం. పొద్దటి సంది మిషన్ తియ్యనేలే," అంది ఆమె. బీరువా తెరిచి చూసి మళ్లీ చెప్పింది, మిషన్ కవరు కూడా విప్పలేదని.

కాగితం కింద తేదీ ఆ రోజుదే. సమయం మాత్రం సాయంత్రం నాలుగు పది అని ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ మిషన్లలో గడియారం తప్పడం మామూలే. ఎక్కడో ఎవరో మిషన్‌ను పరీక్షించడానికి తీసింది దారితప్పి వచ్చి ఉంటుందని డాక్టర్ అన్నారు. నేనూ సరేననుకున్నాను.

అయినా ఎందుకో మనసు ఆగక ఇంటికి ఫోన్ చేశాను. బాపే ఎత్తాడు.

"ఏం బిడ్డా, డ్యూటీల లేవా?"

"ఉన్న బాపూ. ఊకనే చేసిన. మంచిగున్నవా?"

"నాకేమైతది? కూరగాయలకు పోయొచ్చిన. నువ్వు ఫికర్ చెయ్యకు. తిన్నవా?"

ఛాతీలో నొప్పి ఏమైనా ఉందా అని నేను అడగలేదు. రోజూ ఎంతమందిని అడుగుతానో లెక్కలేని ప్రశ్న అది. బాపును అడగడానికి మాత్రం సిగ్గనిపించింది. కాగితం మీద పేరు చూసి భయపడ్డానంటే నవ్వుతాడనుకున్నాను. వయసు వేరే కదా అని మనసుకు సర్దిచెప్పుకుని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం నాలుగు దాటాక, మాకే ఈసీజీలు పంపే కాలనీ దవాఖానా నుంచి ఒకటి వచ్చింది. ఓదెలు, అరవై ఆరు. సమయం నాలుగు పది.

దాన్ని నేనే డాక్టర్ ముందు పెట్టాను. మా బాపు అని చెప్పానో లేదో కూడా గుర్తు లేదు. ఇంజెక్షన్ ఇమ్మని ఆయన ఫోన్లో చెబుతుండగానే, గుండె ఆగిపోయిందని అటు నుంచి అన్నారు. చాలాసేపు ఛాతీ నొక్కి చూశారు. బాపు తిరిగి రాలేదు.

కూరగాయల సంచి దించినప్పటి నుంచి బాపు ఛాతీ రుద్దుకుంటూనే ఉన్నాడని అవ్వ, మా అమ్మ, తర్వాత చెప్పింది. గ్యాసేనని సోడా తాగాడట. "బిడ్డకు చెప్పకు, పరేషాన్ అయితది," అన్నాడట. నేను ఫోన్ చేసినప్పుడు ఆ సోడా గ్లాసు చేతిలోనే ఉందట.

పదకొండో రోజుకు ఫ్లెక్సీ కొట్టించాలని మా తమ్ముడు బాపు పుట్టిన సంవత్సరం అడిగాడు. నేను కంపెనీ కార్డు తీసి చెప్పబోతుంటే అవ్వ ఆపింది.

"గా కార్డుల ఉన్నది కంపెనీ వయసు బిడ్డా. పనిల చేరేటప్పుడు ఐదేండ్లు తక్కువ రాపిచ్చుకున్నడు. డెబ్బై ఒకటి నడుస్తుండె. పింఛన్ ఆపుతరని భయం. ఎవ్వలకు చెప్పొద్దని నాతోని ఒట్టేపిచ్చుకున్నడు."

ఇంకో ఐదేళ్లు కొలువు చేసుకోవచ్చని గనుల్లో కొందరు అలా రాయించుకుంటారని నాకు తెలుసు. వాళ్లలో మా బాపు ఉన్నాడని తెలియదు. ఆధార్‌లో, రేషన్ కార్డులో, అంతటా ఆ తగ్గించిన వయసే. అసలు వయసు వాళ్లిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. నేను ఆ కార్డు పట్టుకునే ఏడ్చాను. తండ్రి కోసం ఏడుస్తున్నాననుకున్నారు అందరూ.

డ్యూటీలో చేరిన రోజే రెండు ఈసీజీలూ తీసి, కిటికీ అద్దానికి ఒకదాని మీద ఒకటి ఆనించి చూశాను. గీతకు గీత కలిసింది. నాలుగో స్పందన తర్వాత లయ తప్పిన చోటు కూడా రెండింటిలో ఒకటే. మిషన్లు చూసే ఇంజినీరు వచ్చి గడియారం అన్నాడు, నెట్ అన్నాడు, ఒకచోటి ఫైలు ఇంకోచోటి పేరుతో రావచ్చన్నాడు. అన్నీ విన్నాను. సాయంత్రం తీసిన ఈసీజీ పొద్దున ఎలా వచ్చింది, దాని మీద ఆ వయసు ఎవరు కొట్టారు అని అడిగితే, పైవాళ్లను కనుక్కుంటానని బ్యాగు సర్దుకున్నాడు.

నాకు ఇప్పటికీ మిగిలింది కోపమే. నన్ను హెచ్చరించాలనుకున్నది ఏదైనా ఉంటే, నాకు తెలిసిన వయసుతో రాకూడదా? నిజం రాసి ఉండబట్టే కదా నేను నమ్మలేదు.

ఈ సంగతి అవ్వకు చెప్పలేదు. ఆమె ఇప్పుడు నాతోనే ఉంటోంది. అన్నం తింటూ తింటూ ఆగి ఒక్కోసారి అడుగుతుంది.

"పొద్దుగాలనే తెలిస్తే బతుకుతుండెనా బిడ్డా?"

"లేదవ్వా. గంత పెద్దది వచ్చినంక ఎవ్వలేం చెయ్యలేరు," అంటాను.

అవ్వ తలూపి మళ్లీ అన్నం కలుపుకుంటుంది. పొద్దున ఈసీజీ వచ్చి, ఇంజెక్షన్ పడి, సాయంత్రానికి లేచి కూర్చున్నవాళ్లను నేను రోజూ చూస్తూనే ఉన్నాను.