మూడు కుట్ల రవిక

1979 ఎండాకాలం. హన్మకొండ చౌరస్తాలో నాది చిన్న లేడీస్ టైలరింగ్ దుకాణం. రెండు మిషన్లు, ఒక అద్దాల బీరువా, గొప్ప చెప్పుకోవడానికి నా చెయ్యి. నలభై ఏళ్లు కుట్టాను కానీ, నీ పనితనం ఏదీ అని ఎవరైనా అడిగితే ఒక్క రవికనే చెబుతాను. అది సినిమాకెక్కింది.

మా వాడకట్టులో ఉండే సత్యవతి టీచర్ రాసిన నవలను అప్పుడు సినిమా తీస్తున్నారు. వర్ధన్నపేట పిల్లగాడు పెళ్లయిన నెలకే బర్మా యుద్ధానికి పోతాడు. పదహారేళ్ల పెళ్లాం మూడేళ్లు ఎదురుచూస్తుంది. నవలలో ఆ ఎదురుచూపే పదకొండు పేజీలు. హీరోయిన్ బట్టలు కుట్టే పని నాకిచ్చారు. కొలతలకని వెళ్లేసరికి టీచర్‌కూ డైరెక్టర్‌కూ గొడవ నడుస్తోంది.

"పదకొండు పేజీలు తెర మీద ఎలా చూపిస్తామండీ? 'మూడేళ్ల తర్వాత' అని అక్షరాలు వేసేద్దాం," అన్నాడు డైరెక్టర్.

"అది మా అక్క బతుకు సారూ. ఆ మూడేండ్లు తీసేస్తే నా పేరు సుత తీసెయ్యుండ్రి," అన్నది టీచర్. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

నా నోరు ఊరుకుంటేనా! "టీచరమ్మా, ఎదిగే పిల్లకు రవిక ఎట్ల కుడుతం? లోపల మార్జిన్ ఇడ్సి కుడుతం గదా," అన్నాను.

మార్జిన్ అంటే కుట్టు లోపల మడిచిపెట్టే అదనపు బట్ట. ఎదిగే పిల్లయితే కుట్టు పక్కన కుట్టు వేస్తాం. ఏడాదికొకటి విప్పుకుంటే రవిక వదులవుతుంది. విప్పినచోట ఎండ తగలని బట్ట బయటపడి ముదురు చార కనిపిస్తుంది. మూడేళ్లకు మూడు చారలు, మూడు రంగులు. ఆఖరిది మొగుడు యుద్ధానికి పోయిననాటి రంగు.

అదంతా వివరించగానే డైరెక్టర్ కుర్చీలోంచి లేచాడు. "ఆ రవిక నాకు కావాలి," అన్నాడు.

తొందరపాటు నాది. కొత్తబట్టను పాతదానిలా చేయడాన్ని సినిమావాళ్లు ఏజింగ్ అంటారు. నేరేడుపండు రంగు నూలు రవిక కుట్టి సోడా నీళ్లలో ఉడకబెట్టాను. మర్నాడు ఇద్దరి ముందూ దర్జాగా కుట్టు విప్పాను. లోపలి బట్ట కూడా వెలిసిపోయి ఉంది! సోడా నీళ్లు కుట్టు లోపలికీ పోతాయి, ఎండ పోదు. ఇన్నేళ్ల టైలర్‌నై ఉండి ఆ మాత్రం తట్టలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"అక్షరాలే వేసుకుందాం లెండి," అన్నాడు డైరెక్టర్. టీచర్ నా వంక చూసింది.

"మూడు వారాలు ఆగుండ్రి సార్. ఎండలనే ఎండబెడ్త. రాకపోతే మల్ల మిషన్ ముట్ట," అన్నాను. ఓరుగల్లు ఎండ మీద నాకంత నమ్మకం.

ఆ సీన్ పక్కన పెట్టి మిగతా షూటింగ్ కానిచ్చారు. నేను ఇంకో రవిక కుట్టి, రోజూ తడిపి డాబా మీద ఆరేశాను. మొదటి వారం కాగానే ఒక కుట్టు, రెండో వారం కాగానే ఇంకొకటి విప్పాను. మూడోది హీరోయిన్ చేతికి వదిలాను. "పెండ్లాం చీర ఎన్నడన్న గిట్ల అరుసుకున్నవా?" అని మా ఆవిడ దెప్పింది కూడా.

సినిమాలో మొగుడు వస్తున్నాడన్న ఉత్తరం అందగానే ఆ పిల్ల రవిక ఒళ్లో పెట్టుకుని, పంటితో దారం తెంపి మూడో కుట్టు విప్పుతుంది. వెలిసిన రెండు చారల పక్కన నిండు నేరేడు రంగు బయటపడుతుంది. ఒక్క మాట లేదు. వరంగల్ థియేటర్‌లో ఆడవాళ్ల వైపు నుంచి "అయ్యో, బిడ్డా!" అని వినబడింది. నా ఛాతీ ఉప్పొంగింది. టీచర్ పేరు తెర మీద అలాగే ఉంది.

వారం తర్వాత టీచర్ వాళ్ల అక్కను దుకాణానికి తీసుకొచ్చింది. ఆమె మిషన్ పక్కన కూర్చుని, "మంచిగ కుట్టినవ్ బిడ్డా. గని నా రవికెకు రెండే కుట్లుండె. మూడో ఏడు ఇప్పెటందుకేం లేక, రవికె పట్టక కొంగు కప్పుకొని తిరిగిన. ఆయనొచ్చిన నాడు సుత కొంగు తియ్యలె," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. అంతవరకు బట్ట మిగిలితేనే మార్జిన్ వదిలేవాడిని. ఆ రోజు నుంచి ఎదిగే పిల్ల ఎవరొచ్చినా, బట్ట ఎంత తక్కువ తెచ్చినా, చేతుల పొడవు తగ్గించైనా సరే, అడగకుండానే మూడో కుట్టుకు చోటు వదిలాను.